పదకొండో పొయ్యి

మా వదినను చూసి ఒకసారి పిడుగు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మబ్బులోంచి సగం దాకా దిగి, డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తున్న మనిషిని చూసి, "అమ్మో, ఈవిడ నా వోల్టులెన్ని అంటుంది, ఆంపియర్లెన్ని అంటుంది, ఆ రెండూ పట్టుకుని నలుగురిలో నా పరువు తీస్తుంది" అనుకుని వచ్చిన దారినే పైకి పాకింది. ఇది నేను కళ్లారా చూశాను. ఆ సమయంలో దుప్పటి ముసుగు పెట్టుకుని ఉన్నమాట నిజమే. చూపున్నవాడికి దుప్పటి ఒక అడ్డా?

నమ్మనివాళ్లు మా వీధికి వచ్చి అడగవచ్చు. "మీటరమ్మ ఇల్లెక్కడ?" అంటే చాలు, పాలవాడి దగ్గర్నుంచి పళ్లూడిన ముసలమ్మ దాకా అందరూ ఒకే గుమ్మం చూపిస్తారు. నిజానికి ఆ గుమ్మం మా అన్నయ్యది. అన్నయ్య దర్జీ. కింద కుట్టుకొట్టు, పైన కాపురం. ఇరవై ఏళ్లుగా అక్కడే కుడుతున్నా ఇంటికి ఆయన పేరు అంటలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే అన్నయ్య నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని మాట్లాడలేనట్టు నటిస్తాడు.

వదినకు ఈ పిచ్చి పుట్టింట్లో లేదు. ఉంటే పెళ్లిచూపుల్లోనే అన్నయ్యకు రెండు తీగలు తగిలించి కొలిచి ఉండేది, ఆ సంబంధం కుదిరేదీ కాదు. పిచ్చి పట్టించింది మా ఇంట్లో ఇస్త్రీపెట్టె.

ఆ పెట్టె పొద్దున పూట పులిలా పనిచేసేది. సాయంత్రం అయ్యేసరికి చతికిలబడేది. సరిగ్గా కుట్టిన బట్టలు ఇవ్వాల్సిన వేళకు, ఎంతసేపు రుద్దినా మడత పోయేది కాదు. అన్నయ్య దాన్ని తిట్టాడు, కొట్టాడు, మార్చాడు. కొత్తదీ అంతే. మూడోదీ అంతే.

"ఇంట్లో ఒకడున్నాడు కదా, పొద్దు వాలితే చాలు పక్క ఎక్కేవాడు. వాణ్ని చూసి నేర్చుకున్నాయి" అని అన్నయ్య నావైపు చూశాడు.

అప్పటికి నేను చదువుకు స్వస్తి చెప్పి ఆరునెలలైంది. నేను మానేసిన రోజున బడిలో మాస్టార్లందరూ గేటు దాకా వచ్చి సాగనంపారని ఇదివరకే చాలామందికి చెప్పాను, మళ్లీ చెప్పను.

వదిన మూడు పెట్టెలూ సంచీలో వేసుకుని వీధి చివర రిపేరు కొట్టుకు వెళ్లింది. ఆ కొట్టు మేస్త్రీగారు అప్పటికే పెద్దాయన. మూడూ విప్పి చూసి, మళ్లీ బిగించి బల్ల మీద వరసగా పెట్టాడు.

"వీటికేం రోగం లేదమ్మా."

"మరి సాయంత్రం ఎందుకు వేడెక్కవు?"

"వీధిలో అందరూ అదే అంటారు. పెట్టె మార్చుకుని పోతారు."

"నేను మూడు మార్చానండీ. నాలుగోది మార్చను. కారణం చెప్పండి."

మేస్త్రీగారు కళ్లజోడు తుడుచుకుని ఆమెను కాస్త పరిశీలనగా చూశాడు. చెక్కపలకకు బిగించిన రెండు మీటర్లు తీసి ఇచ్చాడు. ఒకటి ప్లగ్గు దగ్గర ఎన్ని వోల్టులున్నాయో చెబుతుంది, రెండోది పెట్టెలోంచి ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చెబుతుంది. ఎలా తగిలించాలో చూపించి, "పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి చూసి రాసుకురా. నన్నడక్కు. దాన్నే అడుగు" అన్నాడు.

వదిన అన్నయ్య బట్ట కత్తిరించే బల్ల మీద, ఆయన సుద్దముక్కతోనే రాసింది. పొద్దున రెండువందల ఇరవయ్యారు వోల్టులు, నాలుగు పాయింటు మూడు ఆంపియర్లు. సాయంత్రం నూట ఎనభైనాలుగు, మూడున్నర. ఆ అంకెల మీదే అన్నయ్య ఎవరో గుమాస్తా పంట్లాం గుడ్డ పరిచాడు. పాపం ఆ గుమాస్తా వెనకవైపు నూట ఎనభైనాలుగు వోల్టులు వేసుకుని వారం రోజులు ఆఫీసుకు తిరిగాడు. ఆ వారంలోనే ఆయనకు ప్రమోషను వచ్చిందని నేనంటాను, రాలేదని ఆయనంటాడు.

మర్నాడు మేస్త్రీగారు కాగితం చూశాడు.

"వోల్టుల్ని ఆంపియర్లతో భాగించు. ఎంత?"

"యాభైరెండున్నర. ఆపైన కొంచెం."

"సాయంత్రానిది?"

వదిన వేళ్ల మీద, కాగితం మీద, మళ్లీ వేళ్ల మీద చేసింది. "అంతేనండీ! అదే యాభైరెండున్నర."

"అది పెట్టె రెసిస్టెన్సు. దాని ఒళ్లు అనుకో. పొద్దున ఒక ఒళ్లు, సాయంత్రం ఒక ఒళ్లు ఉండదు. ఇప్పుడు రెండూ గుణించు."

"పొద్దున తొమ్మిదివందల డెబ్భై. సాయంత్రం... ఆరువందల నలభై."

"అది పవరు. దాని కష్టం. మనిషి అదే మనిషి, అందే తిండి తగ్గింది. దీపాలు పెట్టే వేళ వీధంతా ఒకే తీగ మీద పడుతుంది కదా, చివరింటికి చేరేసరికి వోల్టులు మిగలవు."

వదిన ఇంటికి వచ్చి ఈ సంగతంతా చెప్పి, "తిండి తగ్గితే పని తగ్గే రకం ఇది" అంటూ పెట్టెను నిమిరింది. తర్వాత నా కంచం వైపు చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడంలోనే ఆవిడ ప్రతిభంతా ఉంది.

ఆ నెల నుంచి అన్నయ్య ఇస్త్రీ పొద్దున పూట చేస్తాడు, కుట్టు సాయంత్రం కుడతాడు. ఆ నెల నుంచే వదిన మేస్త్రీగారి కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టింది. మొదట మధ్యాహ్నాలు, తర్వాత రోజంతా. మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ల హీటర్లు, మోటార్లు. కొత్త ఇళ్లకు వైరింగు. పదకొండేళ్లు. ఆవిడ చెయ్యి పెట్టగానే పాడైపోయిన మోటార్లు సిగ్గుపడి వాటంతటవే తిరగడం మొదలుపెట్టేవి.

కానీ ఒక్కటి కుదరలేదు. వైరింగు అయ్యాక "మేము పరీక్షించాం, బాగుంది" అని ఒక కాగితం ఇవ్వాలి. దాని కింద లైసెన్సు ఉన్నవాళ్లే సంతకం పెట్టాలి. పదకొండేళ్లూ కొలిచింది వదిన, సంతకం మేస్త్రీగారిది. ఆయన చూపు మందగించాక వదిన గీత మీదికి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది, ఆయన గీకేవాడు.

ఆ ఏడు ఆయన లైసెన్సు గడువు తీరిపోతోంది. కంటి డాక్టరు సంతకం లేనిదే కొత్తది ఇవ్వరు. కంటి డాక్టరు గోడ మీది పెద్ద అక్షరం చూపించి ఏమిటని అడిగితే మేస్త్రీగారు, "గోడ" అన్నాడు. దాంతో ఆ ముచ్చట ముగిసింది. నెలాఖరులోగా వదినకు లైసెన్సు వస్తే కొట్టు ఉంటుంది. రాకపోతే తలుపు మూసెయ్యాలి. మిక్సీలు బాగుచేసుకోవచ్చు గానీ వైరింగు పని ముట్టుకోకూడదు, కొట్టు నడిచేది దానిమీదే.

ఇక్కడ నేను చెప్పడానికి సిగ్గుపడే విషయం ఒకటుంది. మా వదిన ఆ పరీక్ష అప్పటికి రెండుసార్లు తప్పింది.

పుస్తకం ప్రశ్నలు రెండుసార్లూ గట్టెక్కింది. చేసి చూపించే పరీక్షలో పోయింది. ఒక కరెంటు పొయ్యి ఇస్తారు, రెండు మీటర్లు ఇస్తారు. తగిలించి, తగిలించిన తీరు బొమ్మ గీసి, వోల్టులు, ఆంపియర్లు చూసి, రెసిస్టెన్సు, పవరు లెక్కకట్టి రాయాలి. నిద్రలో లేపి అడిగినా వదిన చెప్పే లెక్క. రెండుసార్లూ మార్కుల కాగితం మీద "పవరు: తప్పు" అని వచ్చింది. పాపం ఆవిడ తన చేతిలోనే లోపం ఉందనుకుంది. ఏడాది పాటు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ కొలిచింది. పక్కింటివాళ్లవీ కొలిచింది. అటుగా పోతూ పొయ్యి పట్టుకున్న మనిషి కనిపిస్తే ఆపి కొలిచింది.

రహస్యం బయటపెట్టింది నేను. ఇది ప్రగల్భం కాదు. ఆ పరీక్ష జరిగే శిక్షణ కేంద్రం గేటు దగ్గర నిలబడి, పాసైనవాణ్ని ఒకణ్ని పట్టుకుని, మూడు టీలు తాగించి కక్కించాను.

"మీటరా?" అని నవ్వాడతను. "అక్కడ మీటరెవరు చూస్తారండీ? పొయ్యి అడుగున రాసే ఉంటుంది కదా, రెండువందల ముప్పై వోల్టులు, వెయ్యి వాట్లు అని. వెయ్యిని రెండువందల ముప్పైతో భాగిస్తే నాలుగు పాయింటు మూడు అయిదు. రెసిస్టెన్సు యాభైమూడు. పవరు వెయ్యి. సార్ దగ్గరున్న జవాబుల కాగితంలో ఉండేదీ అదే. మా ముందు బ్యాచివాళ్లు మాకు చెప్పారు, మేం తర్వాతవాళ్లకు చెప్పాం."

పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చి చెప్పాను. వదిన అన్నం వడ్డిస్తున్నదల్లా ఆగిపోయింది.

"అంటే కొలవకుండా రాస్తే పాసవుతారా?"

"అంతే కదా మరి! నువ్వు కొలిచి తప్పావు వదినా. ప్రపంచంలో ఇలా తప్పినదానివి నువ్వొక్కతివే."

"ఇదిగో, ఈసారి వెయ్యి అని రాసెయ్. నీ సొమ్మేం పోయింది?" అన్నాడు అన్నయ్య.

"లెక్క తేలకపోతే?"

"లైసెన్సు వచ్చాక జీవితాంతం తేల్చుకుందువు గాని!"

వదిన గరిటె గిన్నెలో పెట్టేసింది. మేస్త్రీగారి కొట్టు తలుపే కళ్ల ముందు ఆడి ఉంటుంది. చివరికి, "సరే, రాస్తాలే" అంది.

చేతిలో చెయ్యి వేయించుకున్నాను. నా సంగతి నాకే తెలుసు కాబట్టి మాట మీద నిలబడేవాళ్ల దగ్గర మాత్రమే చేతిలో చెయ్యి వేయించుకుంటాను.

పరీక్ష రోజు పొద్దున సంచీ మోసుకుంటూ నేనూ వెళ్లాను. కేంద్రంవారి పెద్ద భవనం ముందువైపు ఉంటుంది. ఈ పరీక్ష గది వెనక, రేకుల కప్పుతో, పొడుగ్గా, విడిగా ఉంటుంది. భవనం నుంచి స్తంభాల మీదుగా ఒక తీగ పెరడంతా దాటుకుని దానికి వస్తుంది. గది బయట వరండా, వరండా చివర గోడకు ఒక చెక్క బీరువా. చలికాలం కదా, లోపల పరీక్ష మొదలైన కాసేపటికి బీరువాకు ఆనించిన వీపుకు హాయిగా వెచ్చగా తగిలింది. పక్కనే కిటికీ. లోపల జరిగేదంతా కనిపిస్తుంది, వినిపిస్తుంది. ఇంత మంచి చోటు ఎవరూ ఎందుకు పట్టుకోలేదా అని వాళ్ల తెలివితక్కువతనానికి జాలిపడ్డాను.

లోపల పది బల్లలు, పది పొయ్యిలు, పదిమంది మనుషులు. తొమ్మిదిమంది మగవాళ్లు, చివర మా వదిన. పరీక్ష పెట్టే సారు సన్నగా, నీరసంగా, తలనొప్పి ఉన్నవాడిలా తిరుగుతున్నాడు. "మొదలుపెట్టండి" అనగానే పది స్విచ్చులూ టక్కుమన్నాయి. కాసేపటికి పది పొయ్యిల్లోనూ చుట్టలు చుట్టిన తీగ ఎర్రబడింది. ఎరుపంటే కుంకుడుగింజ రంగు నుంచి కాస్త పైకి, అంతే. వెలుగు లేదు.

తొమ్మిదిమంది స్విచ్చు వేయకముందే పొయ్యి అడుగున చూసి పెట్టుకున్నది చకచకా రాసేసి చేతులు కట్టుకున్నారు. వదిన పక్క బల్ల బట్టతలాయన అయితే నావైపు చూసి కన్ను కొట్టాడు కూడా.

వదిన కలం పట్టుకుంది. నాకు కిటికీలోంచి ఆ కాగితం కనిపిస్తోంది. "పవరు" అన్నచోట గీత పక్కన "1" వేసింది. వెయ్యి అని రాయడానికి ఇంకా మూడు సున్నాలే కావాలి. సున్నా రాయడానికి చదువు కూడా అక్కర్లేదు, నేనే రాయగలను.

ఆవిడ మీటరు చూసింది. అదే తప్పు. చూడకుండా ఉండాల్సింది. చూసి, వంగి మళ్లీ చూసింది. పక్కనుంచి చూసింది. తర్వాత ఆ "1"ని కొట్టేసింది.

"వదినా!" అన్నాను కిటికీలోంచి.

"ఎవరక్కడ?" అన్నాడు సారు.

"పిల్లి సార్" అన్నాను. మరి వెంటనే ఏం తోస్తుంది?

వదిన రాసేసింది. రెండువందల వోల్టులు, మూడు పాయింటు ఎనిమిది ఆంపియర్లు, యాభైరెండు పాయింటు ఆరు ఓములు, ఏడువందల అరవై వాట్లు. నేను బీరువాకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాను. మేస్త్రీగారి కొట్టు తలుపు నాకూ కనిపించింది, తాళంతో సహా.

సారు జవాబుల కాగితం పట్టుకుని వరసగా వచ్చాడు. తొమ్మిది "సరి"లు. వదిన దగ్గర ఆగాడు.

"ఏమ్మా, నువ్వు పోయినసారి కూడా వచ్చావు కదూ?"

"అంతకుముందుసారి కూడా సార్."

"అందరికీ వెయ్యి వస్తే నీకు ఏడువందల అరవై ఏమిటి?"

"మీటరు చూడండి సార్."

"మీటరు పాతది."

"పక్క బల్ల మీటరు చూడండి."

సారు పక్క బల్ల మీదికి వంగాడు. బట్టతలాయన మీటరు ముల్లు కూడా రెండువందల మీదే ఉంది. ఆయన కాగితం మీదేమో రెండువందల ముప్పై.

"నాదీ పాతదే సార్" అన్నాడు బట్టతలాయన, కాగితం మీద మోచెయ్యి పెట్టి.

"పది మీటర్లూ కూడబలుక్కుని ఒకే అబద్ధం ఆడతాయా సార్?" అన్న మాట వినిపించింది. ఆ మాట అన్నది నేనే. పిల్లి అని ఎవరైనా అనుకుంటే నా తప్పు కాదు.

సారు ముఖంలో మొదటిసారి తలనొప్పి తగ్గినట్టు కనిపించింది. వంగి, వరసగా పది మీటర్లూ చూశాడు. పదీ రెండువందల దగ్గరే. ఆయన నెమ్మదిగా నిటారుగా నిలబడి, "ఇలా ఎందుకుంది?" అన్నాడు. గొంతులో అధికారం లేదు. నిజంగానే అడిగాడు.

"తెలుసుకోవచ్చు సార్. నాది ఉంచి మిగతావి ఒక్కొక్కటే ఆపించండి."

మొదటి బల్ల స్విచ్చు ఆపారు. రెండోది. మూడోది. ఒక్కొక్కటి ఆగుతుంటే వదిన మీటరు ముల్లు ఒక్కో అడుగు పైకి జరుగుతోంది. రెండువందల అయిదు, పది, పద్దెనిమిది. పొయ్యి రంగు మారడం మొదలైంది. తొమ్మిదోదీ ఆపేసరికి కుంకుడుగింజ రంగు పోయి, నారింజ రంగులో నిగనిగలాడింది. రెండువందల ఇరవయ్యేడు వోల్టులు, నాలుగు పాయింటు మూడు ఆంపియర్లు.

"తొమ్మిదివందల డెబ్భయ్యారు వాట్లు" అంది వదిన. "పొయ్యి అదే సార్. భాగించి చూడండి, ఇప్పుడూ యాభైరెండు చిల్లరే. పదీ వెలిగితే ముప్పై వోల్టులు దారిలో పోతున్నాయి."

"దారిలో అంటే? దూరం నుంచి వస్తోంది, కొంత పోతుంది కదమ్మా" అన్నాడు సారు.

"పోయింది ఊరికే పోదు కదండీ. ఒక్కో పొయ్యికి మూడు పాయింటు ఎనిమిది, పదింటికీ ముప్పయ్యెనిమిది ఆంపియర్లు. పోయిన ముప్పై వోల్టులతో గుణించండి."

సారు పెదవులు కదిలాయి. "పదకొండువందల... నలభై."

"పదకొండువందల నలభై వాట్లు. ఈ గదిలో పది పొయ్యిలు కాదు సార్ వెలుగుతున్నవి, పదకొండు. పదకొండోది ఎక్కడుందో కనపడట్లేదు, అంతే."

తొమ్మిదిమందీ తమ చుట్టూ ఉన్న గోడల్ని, పైన రేకుల్ని చూసుకున్నారు. వదిన మాత్రం తిన్నగా కిటికీ వైపు చూసింది.

"ఏమయ్యా మరిదీ, ఆ బీరువా దగ్గర వెచ్చగా ఉందా?"

"భలే హాయిగా ఉంది వదినా! వీపు కాపడం పెట్టినట్టు..."

"అక్కణ్నుంచి లే."

నేను లేచిన వేగానికి వరండా రేకులు ఎగిరి పక్క వీధిలో పడ్డాయి.

గదికి కరెంటు అందించే మెయిన్ స్విచ్చు ఆ బీరువాలోనే ఉంది. తలుపు మీద రాసి ఉంది, లైసెన్సు లేనివాళ్లు ముట్టుకోరాదని. అక్కడున్నవాళ్లలో లైసెన్సు ఉన్నది సారు ఒక్కడికే. ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని ఇరవై ఏళ్లయిందట. వదిన చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడింది. పొయ్యిలన్నీ మళ్లీ వేయించి, మెయిన్ స్విచ్చులోంచి గదిలోకి వెళ్లే తీగ బిగించిన స్క్రూకు అటొకటి, ఇటొకటి మీటరు తీగల కొసలు ఆనించమంది. సారు ఆనించాడు.

"ఎంత సార్?"

"ఆరు వోల్టులు."

"బిగువుగా ఉంటే అక్కడ సున్నా రావాలి. ఆరుని ముప్పయ్యెనిమిదితో..."

"రెండువందల ఇరవయ్యెనిమిది వాట్లు" అన్నాడు సారు, గబగబా. "ఒక్క స్క్రూ దగ్గర!" అప్పుడు దగ్గరికి వంగి చూశాడు. స్క్రూ చుట్టూ తీగ మీది తొడుగు గోధుమరంగుకు మాడి, అంచు కరిగి ఉంది. దాని వెనక చెక్క కూడా నల్లబడింది. మిగతా ఇరవై నాలుగు వోల్టుల్నీ పెరడు దాటి వచ్చే సన్నతీగ పొడుగునా తింటోందని, దానికి లావు తీగ వెయ్యాలని వదిన చెబుతుంటే ఆయన వినట్లేదు. ఆ నల్లమచ్చనే చూస్తున్నాడు.

"ఇన్నేళ్లూ ఈ గదిలో పది మందిని కూర్చోబెట్టి తలుపు వేస్తున్నాను" అన్నాడు.

మెయిన్ ఆపారు. ఆపాక నిజంగా కరెంటు లేదని వదిన రెండుసార్లు కొలిపించింది. మాడిన తీగ కొస కత్తిరించి, కొత్త కొస గీకి, సారు స్క్రూడ్రైవరు పెట్టాడు.

"ఎటు తిప్పాలమ్మా?"

"గడియారం తిరిగే వైపు సార్."

బట్టతలాయన నవ్వు ఆపుకోలేక వరండా చివరిదాకా వెళ్లి వచ్చాడు. స్క్రూ రెండున్నర చుట్లు తిరిగింది. మళ్లీ పది పొయ్యిలూ వేశారు. వదిన బల్ల మీద రెండువందల అయిదు వోల్టులు, మూడు పాయింటు తొమ్మిది ఆంపియర్లు.

సారు తన జేబులోంచి జవాబుల కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. "అందరూ కొత్త కాగితం తీసుకోండి. మీటరు చూసి రాయండి."

"ఇదేమిటి సార్, మేం పాసయ్యాం కదా!" అని తొమ్మిదిమందీ లేచారు. బట్టతలాయన వదిన వైపు తిరిగి, "మీరు పాసవడానికి మమ్మల్నందర్నీ ముంచుతారా అమ్మా?" అన్నాడు.

"చూసి రాయండి అన్నయ్యా. ముల్లు ఎక్కడుందో అదే. చాలా తేలిక."

ఆయన గొణుక్కుంటూనే కూర్చున్నాడు. కాసేపటికి, "అరె, నాకు ఎనిమిది వందలు తేలిందే!" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. మొదటిసారి తన చేత్తో లెక్క తేలినవాడి గొంతు అది.

సారు వదిన దగ్గరికి వచ్చాడు. "నువ్వు కూడా మార్చి రాస్తావా? ఇప్పుడు ఎనిమిది వందలు కదా."

"అప్పుడు ఏడువందల అరవై సార్. నేను చూసింది అది. అదే ఉంచండి."

ఉంచాడు. దాని పక్కన "సరి" అని ఎర్రసిరాతో రాసి, కింద రెండుసార్లు గీత గీశాడు.

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు లైసెన్సు వచ్చింది. వదిన కవరు చించకుండా, కత్తెరతో కుట్టు విప్పినట్టు అంచు కత్తిరించి తీసింది. అన్నయ్య ఒక్కసారిగా నోట్లో సూదులన్నీ తీసేసి, ఏమీ మాట్లాడలేక, మళ్లీ పెట్టుకున్నాడు.

కొట్టు బోర్డు మార్చారు. పాత పేరు తీసెయ్యమని మేస్త్రీగారే పట్టుబట్టాడు. రంగు ఆరాక ఆయన్ని కుర్చీతో సహా బయటికి తెచ్చి, కుర్చీ మీదికి ఎక్కించి పట్టుకున్నాం. అక్షరాలన్నీ వేళ్లతో తడుముతూ కొసదాకా వెళ్లాడు.

"నీ పేరు ఇంత పొడుగా? ఇన్నాళ్లూ మీటరమ్మ అనుకుంటున్నానే."

"అసలు పేరు మీరెప్పుడూ అడగలేదండీ."

"పని మొదలుపెట్టు" అని దిగాడు.

మొదటి సంతకం ఆ శిక్షణ కేంద్రానికే. పెరట్లో లావు తీగ వేసే పని వదినకే ఇచ్చారు. పని అయ్యాక పది పొయ్యిలూ వెలిగించి కొలిచింది. రెండువందల ఇరవై నాలుగు. కాగితం మీద ఆ అంకె రాసి, కింద ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సంతకం పెట్టింది. మేస్త్రీగారి చెయ్యి నడిపించి నడిపించి అలవాటైపోయిందేమో, సంతకం కాస్త వంకరగా ఆయనదిలాగే వచ్చింది.

ఆ కేంద్రం పెట్టినప్పటి నుంచి ఆ పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నది మా వదిన ఒక్కతే. ఆ కాగితాన్ని వాళ్లు అద్దం కట్టించి గోడకు వేలాడదీశారు. దూరదేశాల నుంచి ఇంజనీర్లు వరసలు కట్టి వచ్చి చూసి, చెప్పులు విడిచి దండం పెట్టి వెళుతుంటారు. ఇంతవరకూ రాసి, సరిగ్గా ఉందో లేదో చూడమని కొట్టుకు తీసుకెళ్లి చదివి వినిపించాను. వదిన విప్పిన మిక్సీలోంచి తల ఎత్తకుండానే విని, చివర్లో ఇలా అంది:

"నూరు కాదు, ఎనభై ఒకటి. బొమ్మలో ఫ్యూజు గియ్యడం మర్చిపోయాను."